ఒకే కారు ప్రశ్నకి అన్ని జవాబులు ఎందుకు?

"పొద్దున బండి స్టార్ట్ కావడం లేదు, ఏం చేయాలి?"

కారున్న వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు అడగక తప్పని ప్రశ్న ఇది. అడిగీ అడగ్గానే జవాబులు వచ్చిపడతాయి. బ్యాటరీ మార్చమని ఒకరు, ఇంజన్‌ను మొదట తిప్పే సెల్ఫ్ మోటార్ పోయిందని ఒకరు, ఫ్యూయల్ పంప్ చూపించమని ఇంకొకరు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. తమ బండి మొరాయించిన రోజున ఏ భాగం మారిస్తే కదిలిందో అదే చెబుతున్నారు. చిక్కల్లా ఏమిటంటే, అడిగిన మనిషి బండి ఎలా మొరాయించిందో ఆ ప్రశ్నలో లేదు.

కార్ల మీద మనుషులు ఒకరికొకరు ఇచ్చుకునే సలహాల్లో చాలావాటికి ఇదే గతి. ప్రతి సలహా ఏదో ఒక బండికి, ఏదో ఒక వాడకానికి, ఏదో ఒక కాలానికి నిజమే. నోటి నుంచి నోటికి వెళ్లేటప్పుడు సలహా మిగులుతుంది, అది ఏ పరిస్థితిలో నిజమో ఆ ముక్క మాత్రం రాలిపోతుంది. ఆ ముక్కను మళ్లీ దానికి అతికించుకోగలిగితే, ఒకదానితో ఒకటి పొసగనట్టు కనిపించే జవాబులు చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి.

స్టార్ట్ కాని బండినే తీసుకుందాం. తాళం తిప్పినా, బటన్ నొక్కినా వచ్చే చప్పుడులోనే సగం జవాబు ఉంది. టకటకటకమని వరసగా చిన్న చప్పుడు వచ్చి, డ్యాష్‌బోర్డు లైట్లు దానితోపాటే మసకబారుతుంటే బ్యాటరీలో శక్తి చాలడం లేదు, లేదా టెర్మినల్ వదులైంది. సెల్ఫ్ మోటార్ మీదుండే సోలినాయిడ్ అనే కరెంటు స్విచ్ అంటుకోవడం, ఆ లాగుడికి వోల్టేజీ పడిపోయి విడిపోవడం, మళ్లీ అంటుకోవడం, ఇదే ఆ చప్పుడు. ఒక్కసారి గట్టిగా టక్కుమని ఆగిపోయి, లైట్లు మాత్రం నిండుగా వెలుగుతూ ఉంటే అనుమానం సెల్ఫ్ మోటార్ వైపు మళ్లుతుంది. సెల్ఫ్ ఎప్పటిలాగే హుషారుగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే బ్యాటరీని అనుమానించి లాభం లేదు. ఇంజన్‌కి ఇంధనం అందడం లేదు, లేదా స్పార్క్ రావడం లేదు, లేదా తాళంలోని చిప్‌ను బండి గుర్తుపట్టడం లేదు. ఇక ఏ చప్పుడూ లేకపోతే ముందు చూడాల్సినవి చాలా చిన్న విషయాలు: ఆటోమేటిక్ బండి అయితే లివర్ పార్కింగ్‌లో ఉందా, మాన్యువల్ అయితే క్లచ్ పూర్తిగా కిందికి వెళ్లిందా.

నాలుగు రకాల చప్పుళ్లకి నాలుగు వేరు వేరు కారణాలు. "స్టార్ట్ కావడం లేదు" అన్న మాటలో ఈ నాలుగూ కలిసిపోతాయి.

బ్యాటరీ సంగతి వచ్చింది కాబట్టి ఇంకాస్త లోపలికి వెళ్లాలి, ఎందుకంటే అనవసరంగా మార్చే వస్తువుల్లో ఇదొకటి. కార్లలో ఉండే 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఆరు గదులుంటాయి, ఒక్కో గది 2.1 వోల్టులు ఇస్తుంది. అందుకే పూర్తిగా ఛార్జయిన బ్యాటరీ కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక మల్టీమీటర్‌లో 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 దగ్గర ఉంటే సగం ఖాళీ. 12కి దిగిందంటే దాదాపు అడుగంటినట్టే. ఇంజన్ నడుస్తున్నప్పుడు అదే మీటర్ మామూలుగా 13.5 నుంచి 14.7 మధ్య చూపాలి. కొత్త బండ్లలో కంప్యూటర్ ఈ అంకెను కొంచెం అటూ ఇటూ జరుపుతుంది గానీ, ఇంజన్ ఆన్‌లో ఉండగా కూడా 12 దగ్గరే ఉండి అక్కడి నుంచి ఇంకా జారుతుంటే లోపం బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ది. అలాంటి బండికి కొత్త బ్యాటరీ వేస్తే అదీ రెండు రోజుల్లో పడుకుంటుంది. అప్పుడు "కొత్త బ్యాటరీ కూడా డూప్లికేట్" అన్న నింద మొదలవుతుంది. ఒక్క నిమిషం మీటర్ పెట్టి చూస్తే తేలిపోయే విషయం ఇది.

మరో సంగతి. చలికాలంలో బ్యాటరీ పోయిందని అందరూ అంటారు. నిజానికి దాన్ని లోలోపల తినేసేది వేడి. ఎండలకి లోపలి ప్లేట్లు దెబ్బతింటాయి, చలిలో ఇంజన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కి ఎక్కువ బలం కావాల్సి వచ్చినప్పుడు ఆ దెబ్బ బయటపడుతుంది. స్టార్ట్ స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతట అదే ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే ఏర్పాటు) ఉన్న బండ్లకి, పదే పదే స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం బ్యాటరీయే వేయాలన్నది కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. వాటిలో మామూలు బ్యాటరీ వేస్తే రోజుకి అన్నిసార్లు స్టార్ట్ చేసే పనిని ఎక్కువకాలం తట్టుకోలేదు.

పక్క బండి నుంచి కేబుళ్లు వేసి స్టార్ట్ చేసేటప్పుడు వరస తప్పకూడదు. ఎరుపు ముందు పడుకున్న బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కి. నలుపు మంచి బ్యాటరీ మైనస్‌కి, చివరి కొస మాత్రం పడుకున్న బండి ఇంజన్ మీద బ్యాటరీకి దూరంగా ఉన్న ఇనుప భాగానికి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, ఆఖరి కనెక్షన్ దగ్గర నిప్పురవ్వ ఎగురుతుంది. ఆ రెండూ ఒకచోట కలవకూడదనే ఈ జాగ్రత్త.

కిలోమీటర్లు చెప్పని సంగతి

"ఇంజన్ ఆయిల్ ఎన్ని వేలకి మార్చాలి?" దీనికి 5,000 అనే వాళ్లున్నారు, 10,000 అనే వాళ్లున్నారు, సింథటిక్ పోస్తే 15,000 దాకా ఇబ్బంది లేదనే వాళ్లూ ఉన్నారు. ఇద్దరు మనుషుల్ని ఊహించుకుంటే ఈ ముగ్గురూ ఎందుకు నిజమే చెబుతున్నారో అర్థమవుతుంది.

ఒకరు వారానికి రెండుసార్లు హైవే మీద మూడు గంటలు ఆగకుండా నడుపుతారు. ఇంకొకరు రోజూ ఇంటి నుంచి ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లు వెళ్లి, సాయంత్రం నాలుగు కిలోమీటర్లు తిరిగి వస్తారు. ఏడాది చివర మొదటి బండి మీటర్ రెండో బండి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చూపిస్తుంది. అయినా ముందు పాడయ్యేది రెండో బండిలోని ఆయిలే కావచ్చు.

దీనికి కారణం నీళ్లు. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. అందులో చాలా భాగం సైలెన్సర్ గుండా బయటికి పోతుంది, పొద్దున పైపు చివర నుంచి కారే చుక్కలు అవే. కొంత ఆవిరి మాత్రం పిస్టన్ రింగులు దాటి కిందికి, ఆయిల్ ఉన్న చోటికి దిగుతుంది. దానితోపాటు కాలని పెట్రోలు కూడా కొంచెం. ఇంజన్ బాగా వేడెక్కి చాలాసేపు నడిస్తే ఆ రెండూ ఆయిల్ నుంచి ఆవిరై వెళ్లిపోతాయి. నాలుగు కిలోమీటర్లకి ఆ వేడి రాదు. డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చింది కదా అనిపించవచ్చు, కానీ ఆ ముల్లు చూపేది ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ వేడిని. ఆయిల్ అంతకంటే చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది. రోజూ ఇలా జరిగితే నీరు, పెట్రోలు, వాటి వల్ల పుట్టే ఆమ్లాలు ఆయిల్‌లోనే పేరుకుంటాయి. మీటర్ మీద అంకె మాత్రం తక్కువే ఉంటుంది.

కంపెనీలు బండితో ఇచ్చే పుస్తకంలో ఈ సంగతి చాలావరకు ఉంటుంది. మామూలు వాడకానికి ఒక లెక్క, కఠినమైన వాడకానికి ఇంకో లెక్క. కఠినం అనగానే కొండలూ ఎడారులూ గుర్తొస్తాయి గానీ, ఆ పేజీలో రాసి ఉండేవి చిన్న చిన్న ప్రయాణాలు, దుమ్ము, గంటల కొద్దీ ట్రాఫిక్‌లో ఇంజన్ ఆన్‌లో ఉండటం, బరువు లాగడం. అంటే నగరంలో నడిచే బండ్లలో చాలా భాగం. తన బండి ఆ జాబితాలోకి వస్తుందని తెలియకుండానే ఎంతోమంది మొదటి లెక్కను పాటిస్తున్నారు. ఈ ఒక్క పేజీ చదివితే ఆయిల్ మీద జరిగే వాదనలు సగం ఆగిపోతాయి. కిలోమీటర్లు నిండకపోయినా ఏడాదికి ఒకసారి మార్చమని చాలా కంపెనీలు రాసేది కూడా ఇందుకే. సందేహం ఉన్నప్పుడు కాస్త ముందుగా మార్చడమే మేలు. ముందు మారిస్తే పోయేది ఒక డబ్బా ఆయిల్, ఆలస్యం చేస్తే అరిగేది ఇంజన్.

డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటుంది. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది, అది ఎంత తక్కువైతే చల్లటి ఇంజన్‌లో అంత త్వరగా పైకి చేరుతుంది. వెనక అంకె 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. "పాత బండి కదా, చిక్కటి ఆయిల్ పోయించు" అన్న సలహా అరిగిపోయి ఆయిల్ తాగుతున్న ఇంజన్‌కి కొంత ఊరటనివ్వవచ్చు. ఆరోగ్యంగా ఉన్న కొత్త ఇంజన్‌లో అదే సలహా కీడు చేస్తుంది, ఎందుకంటే లోపలి సందులు పల్చటి ఆయిల్‌ని లెక్కలోకి తీసుకునే తయారుచేశారు.

ఆయిల్ చూసుకోవడం రెండు నిమిషాల పని. బండిని సమతలం మీద ఆపి, ఇంజన్ ఆపాక ఐదు పది నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్ బయటికి లాగి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్లీ చివరిదాకా దింపి, తీసి చూడాలి. మొదటిసారి తీసినప్పుడు కనిపించేది నమ్మకూడదు, అప్పటికి ఆయిల్ కడ్డీ పొడవునా చిమ్మి ఉంటుంది. రెండు గీతల మధ్య ఉంటే చాలు. చాలా కార్లలో ఆ రెండు గీతల మధ్య తేడా సుమారు ఒక లీటరు. పై గీత దాటించి పోస్తే మంచిదనుకోవడం పొరపాటు, ఎక్కువైన ఆయిల్‌ని లోపల తిరిగే క్రాంక్ చిలికి నురగ చేస్తుంది. డీజిల్ బండిలో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడితే కంగారు పడక్కర్లేదు, మసిని పట్టి ఉంచడం దాని పనే. ఆయిల్ మూత కింద మజ్జిగలాంటి తెల్లటి పూత కనిపిస్తే మాత్రం ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈమధ్య బండి చిన్న ప్రయాణాలే చేసిందా? అవునంటే అది తేమ కావచ్చు, ఒక మంచి లాంగ్ డ్రైవ్‌తో పోతుంది. కూలెంట్ కూడా తగ్గుతూ ఉంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీల్) మీద అనుమానం పెట్టుకుని వెంటనే చూపించాలి.

కాలం మారినా మారని సలహాలు

పొద్దున్నే ఐదు నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి వదిలేస్తేనే బండికి మంచిదని పెద్దవాళ్లు చెబుతారు. కార్బ్యురేటర్ ఉన్న రోజుల్లో అది అక్షరాలా నిజం. చల్లటి ఇంజన్‌లో పెట్రోలూ గాలీ సరిగా కలవక, చోక్ లాగి కాసేపు ఆగకపోతే బండి రోడ్డు మధ్యలో ఆగిపోయేది. ఇప్పుడు ఆ పనంతా సెన్సార్లు చూసి ఇంజెక్టర్లు చేస్తున్నాయి. నిలబెట్టి వేడి చేస్తే ఇంజన్ వేడెక్కడానికి ఎక్కువ సమయం పడుతుంది, అంతసేపూ అదనంగా చిమ్మే పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. అర నిమిషం ఆగి బయల్దేరి, మొదటి కొన్ని కిలోమీటర్లు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా నడిపితే సరిపోతుంది. గడ్డకట్టే చలి ఉన్నచోట అద్దం మీది మంచు కరగడానికి ఇంకొంచెం ఆగాల్సి వస్తే అది వేరే అవసరం.

టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే ఫ్యాన్) ఉన్న బండిని ఆపేముందు ఒక నిమిషం ఐడిలింగ్‌లో ఉంచాలన్న మాటలో ఇప్పటికీ సత్తా ఉంది, అయితే అన్నిసార్లూ కాదు. టర్బో నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది, దాని బేరింగ్‌కి ఆధారం ఆయిలే. ఘాట్ రోడ్డు ఎక్కి పైన ఠక్కున ఆపేస్తే ఆ వేడికి అక్కడ నిలిచిన ఆయిల్ మాడిపోతుంది. ఊళ్లో నెమ్మదిగా నడిపి వచ్చి ఇంటి ముందు ఆపేటప్పుడు ఆ నిమిషం అవసరం లేదు, ఆఖరి రెండు కిలోమీటర్లలోనే అది చల్లబడి ఉంటుంది.

బ్రేకు విషయంలో పాత అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. జారే రోడ్డు మీద పెడల్‌ని తొక్కుతూ వదులుతూ ఉండాలని ఒకప్పుడు నేర్పేవారు, చక్రాలు బిగుసుకుపోతే స్టీరింగ్ పనిచేయదు కాబట్టి. బాష్ కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో వచ్చింది. తొక్కి వదిలే ఆ పనినే అది మనిషి కాలికి సాధ్యం కానంత వేగంగా చేస్తుంది. ఏబీఎస్ ఉన్న బండిలో కాలు తీయకుండా గట్టిగా నొక్కి ఉంచి, స్టీరింగ్‌ని ఖాళీ ఉన్న వైపు తిప్పాలి. ఆ క్షణంలో పెడల్ కింద దడదడలాడుతుంది, గరగరమని శబ్దం వస్తుంది. అది తెలియని వాళ్లు ఏదో విరిగిందనుకుని భయంతో కాలు తీసేస్తారు. ఖాళీ స్థలంలో ఒకసారి కావాలని గట్టిగా బ్రేకు వేసి ఆ కదలిక కాలికి అలవాటు చేసుకోవడం ప్రతి డ్రైవరూ చేయాల్సిన పని.

టైరు మీద రాసి ఉన్నది

"ఎంత గాలి కొట్టించాలి?" అంటే చాలామంది టైరు పక్కన అచ్చుపోసిన అంకె చూస్తారు. ఆ అంకె టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడి. ఆ బండికి కావాల్సింది డ్రైవర్ డోర్ తెరిస్తే స్తంభం మీద కనిపించే స్టిక్కర్‌లో, లేదా పెట్రోలు మూత లోపలి వైపు ఉంటుంది. ఒకే టైరు వేరు వేరు బరువులున్న కార్లకి వేస్తారు కాబట్టి టైరు తయారుచేసిన వాళ్లకి మీ బండి బరువు తెలిసే వీల్లేదు. స్టిక్కర్ మీద ముందు చక్రాలకి ఒకటి, వెనక చక్రాలకి ఒకటి, నిండా మనుషులు సామాను ఉన్నప్పుడు మరొకటి రాసి ఉండటం కూడా గమనించాలి.

ఆ అంకె చల్లటి టైరుకి. నడుస్తున్న టైరు వేడెక్కి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మారితే ఒకటిన్నర నుంచి రెండు పీఎస్‌ఐ వరకు మారుతుంది. దూరం నడిపి వచ్చి గాలి చూపించి, ఎక్కువుందని తీయించేస్తే మర్నాడు పొద్దున టైరు మెత్తబడి ఉంటుంది. గాలి తక్కువైన టైరు ఎక్కువైన దాని కంటే ప్రమాదం. దాని పక్క గోడలు ప్రతి చుట్టుకీ ముడుచుకుని విచ్చుకుంటూ వేడెక్కుతాయి, హైవే వేగంలో టైరు పేలడానికి ముఖ్యమైన కారణాల్లో ఇది ఒకటి. నైట్రోజన్ కొట్టిస్తే ఈ బాధ ఉండదా అని అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నైట్రోజన్ వల్ల నష్టం లేదు, తేడా మాత్రం చాలా కొద్ది. నెలకోసారి గేజ్ పెట్టి చూసే అలవాటు దానికంటే ఎన్నో రెట్లు మేలు చేస్తుంది.

టైరు వయసు దాని మీదే రాసి ఉంటుంది. డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఆ నాలుగు అంకెలు టైరుకి ఒక వైపే ఉండవచ్చు, లోపలి వైపుకి వచ్చి ఉంటే వంగి చూడాలి. కొత్త టైర్లు కొనేటప్పుడు ఇది చూడకుండా ఒప్పుకోకూడదు. గాడులు ఎంత లోతున్నా రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పగుళ్లిస్తుంది.

అరుగుదలను వేళ్లతో తడిమితే చాలా విషయాలు తెలుస్తాయి. మధ్యలో ఎక్కువ అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే కోణం) తప్పింది. అరచేయి టైరు చుట్టూ జరుపుతుంటే ఎత్తుపల్లాలు తగిలితే బ్యాలెన్సింగో (చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండటం) షాక్ అబ్జార్బరో చూపించాలి. గాడుల మధ్య అక్కడక్కడ చిన్న రబ్బరు దిమ్మలుంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి వాటితో సమానమైతే పని అయిపోయినట్టే. తడి రోడ్డు మీద నీటిని పక్కకి నెట్టే శక్తి అంతకు చాలా ముందే తగ్గిపోతుంది కాబట్టి వానలు మొదలయ్యే ముందు ఒకసారి చూసుకోవాలి.

అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ రెండూ ఒకటే అనుకునే వాళ్లు చాలామంది. స్టీరింగ్ వదిలితే బండి ఒక పక్కకి లాగితే మొదటిది. 80, 100 వేగంలో స్టీరింగ్ చేతిలో వణికి, ఆ వేగం దాటితే సర్దుకుంటే రెండోది. బ్రేకు వేసినప్పుడు మాత్రమే వణికితే రెండూ కాదు, బ్రేకు డిస్కు మందం అంతటా సమానంగా లేదు.

రెండు టైర్లే కొనగలిగితే అవి ముందు వేయాలా, వెనక వేయాలా? ముందు చక్రాలు నడిపే బండి కాబట్టి ముందు వేయమని చాలామంది చెబుతారు, వినడానికి సబబుగానే ఉంటుంది. టైరు కంపెనీలు మాత్రం వెనక వేయమంటాయి. తడి మలుపులో ముందు చక్రాల పట్టు జారితే బండి తిన్నగా పోబోతుంది, యాక్సిలరేటర్ వదిలితే మామూలు డ్రైవరు కూడా దాన్ని దారికి తెచ్చుకోగలడు. వెనక పట్టు జారితే బండి గిర్రున తిరుగుతుంది, దాన్ని ఆపడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం.

పసుపు దీపం, కోడ్, కొత్త సెన్సార్

డ్యాష్‌బోర్డులో ఎరుపు వెలిగితే సురక్షితమైన చోట ఆపాలి, పసుపు వెలిగితే వీలు చూసుకుని చూపించాలి. ఆయిల్ డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే ఇంటిదాకా వెళ్దామని చూడకూడదు. ఇంజన్ లోపల ఆయిల్ ఒత్తిడి లేకుండా నడిచే కొద్ది నిమిషాలు చాలు, ఇంజన్ మొత్తం పోతుంది.

పసుపు రంగు చెక్ ఇంజన్ దీపం దగ్గరే అయోమయం ఎక్కువ. ఇంజన్ బొమ్మ నిలకడగా వెలగడం ఒకటి, మినుకు మినుకుమనడం ఇంకొకటి. మినుకుమంటే ఏదో సిలిండర్ సరిగా కాల్చడం లేదు, ఆ కాలని ఇంధనం పొగను శుభ్రం చేసే కెటాలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి మండుతోంది. అప్పుడు నెమ్మదించి, వీలైనంత త్వరగా ఆపడం మంచిది.

అమెరికాలో 1996 మోడల్ నుంచి అన్ని కార్లలో ఓబీడీ-2 (బండి తన లోపాలను తానే కనిపెట్టి కోడ్‌గా దాచుకునే ఏర్పాటు) తప్పనిసరి అయింది, తర్వాత మిగతా దేశాలకీ పాకింది. స్టీరింగ్ కింద ఉండే దాని సాకెట్‌కి చిన్న స్కానర్ తగిలిస్తే కోడ్ చదవచ్చు. ఇది కారున్న వాళ్లకి దొరికిన మంచి సదుపాయం. అయితే కోడ్ చెప్పేది లక్షణం. ఏ భాగం చెడిందో అది చెప్పదు. పీ0301 అంటే ఒకటో సిలిండర్ మిస్సవుతోందని. దానికి కారణం స్పార్క్ ప్లగ్ కావచ్చు, దానికి కరెంటు పంపే కాయిల్ కావచ్చు, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ కావచ్చు. ఒకటో కాయిల్‌ని తీసి మూడో దానితో మార్చి నడిపితే, ఈసారి కోడ్ పీ0303 అయితే దొంగ కాయిల్ దొరికినట్టే. పైసా ఖర్చు లేని పరీక్ష. పీ0171 వస్తే ఇంజన్‌కి గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అందుతోందని. ఆక్సిజన్ సెన్సార్ ఆ సంగతి చెప్పింది కాబట్టి చాలామంది దాన్నే మార్చేస్తారు. అది నిజం చెప్పిన సాక్షి. లోపం ఎక్కడో చిట్లిన గాలి గొట్టంలోనో, మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సార్‌లోనో, నీరసించిన ఫ్యూయల్ పంప్‌లోనో ఉంటుంది.

కోడ్ చెరిపేసి దీపం ఆరిపోయిందని సంతోషించేలోపు, ఆ కోడ్‌తోపాటు లోపం వచ్చిన క్షణంలో వేగం, వేడి, ఇంజన్ లోడ్ ఎంత ఉన్నాయో నమోదైన వివరం కూడా చెరిగిపోతుందని తెలుసుకోవాలి. మెకానిక్‌కి పనికొచ్చేది అదే. చెరిపే ముందు ఒక ఫొటో తీసి ఉంచాలి.

రంగు చూసి నమ్మకూడనివి

కూలెంట్‌ని ఆకుపచ్చ, ఎరుపు, నీలం అని రంగుతో గుర్తుపెట్టుకుంటారు. రంగుకి కంపెనీలన్నీ ఒప్పుకున్న అర్థం ఏదీ లేదు, పుస్తకంలో రాసిన రకం చూడాలి. తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్లు పోస్తే ఏమవుతుంది? ఒక్కసారి ఆపదలో పోస్తే ఏమీ కాదు. అలవాటైతే రేడియేటర్ లోపల తుప్పు, పొలుసు పేరుకుంటాయి. ఇథిలీన్ గ్లైకాల్, నీళ్లు సగం సగం కలిపిన కూలెంట్ మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, మూత ఒత్తిడి కూడా తోడైతే 120 డిగ్రీలు దాటేదాకా మరగదు. వేడిగా ఉన్నప్పుడు మూత తీయకూడదనడానికి కారణం ఈ ఒత్తిడే. మూత వదలగానే ఒత్తిడి పోయి అది ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది.

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. దీర్ఘమైన ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు బాగా వేడెక్కి లోపల బుడగలు వస్తే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. బండి తక్కువ తిరిగినా రెండేళ్లకోసారి మార్చాలనేది అందుకే. ఇక్కడ మరొక పొరపాటు ఉంది. బ్రేకు ఆయిల్ మట్టం తగ్గిందని చూసి పోసేస్తారు. బ్రేకు ప్యాడ్లు అరిగేకొద్దీ ఆ మట్టం దానంతట అదే దిగుతుంది. అది దిగడమే ప్యాడ్లు చూడమని చెప్పే గుర్తు.

ఏసీ వేశాక బండి కింద నీళ్లు కారితే ఏమీ కాదు, అది లోపలి తేమ. ఆ నీరు జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే కూలెంట్. ఎక్కువ ఆక్టేన్ (వేళకి ముందే మండిపోకుండా ఆగే గుణం) ఉన్న పెట్రోలు పోస్తే పికప్ పెరుగుతుందా అంటే, ఆ ఇంజన్ అడిగితేనే. మామూలు పెట్రోలుకి తయారైన ఇంజన్‌కి అది అదనపు బలం ఇవ్వదు.

డీజిల్ కారు కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్న కూడా వాడకం గురించే. కొత్త డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసిని అదే కాల్చుకోవాలంటే సుమారు 600 డిగ్రీల వేడి, పదిహేను ఇరవై నిమిషాల నిలకడైన ప్రయాణం కావాలి. రోజూ నాలుగు కిలోమీటర్లు నడిపే మనిషి చేతిలో అది పూడుకుపోతుంది. "డీజిల్ బండ్లు ఇబ్బంది పెడతాయి" అని ఒకరు, "లక్షన్నర తిరిగినా ఏమీ కాలేదు" అని ఇంకొకరు అంటే, వాళ్లు రోజూ ఎంత దూరం నడుపుతారో అడిగితే తేడా తెలిసిపోతుంది.

మెకానిక్ దగ్గర మాట్లాడే తీరు కూడా ఇలాగే ఉండాలి. "బేరింగ్ మార్చండి" అని వెళ్తే బేరింగ్ మారుస్తారు, చప్పుడు అలాగే ఉండిపోవచ్చు. తప్పు మెకానిక్ మీద వేయడానికి లేదు, అడిగింది చేశాడు. భాగం పేరు చెప్పడం మానేసి చప్పుడు ఎప్పుడు వస్తుందో చెప్పాలి: చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఏ వేగంలో, బ్రేకు తొక్కితేనా, స్టీరింగ్ తిప్పితేనా, గుంతలో పడితేనా, ఇంజన్ వేగంతోపాటు పెరుగుతోందా, బండి వేగంతోపాటు పెరుగుతోందా. చివరిది చాలా ముఖ్యం. 60 దగ్గర న్యూట్రల్ చేస్తే చప్పుడు ఆగితే ఇంజన్ వైపు వెతకాలి, ఆగకుండా అలాగే ఉంటే చక్రాల వైపు. ఈ పరీక్ష ట్రాఫిక్ లేని తిన్నటి రోడ్డు మీదే చేయాలి, ఇంజన్ మాత్రం ఆపకూడదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టక్ టక్ టక్ అని వస్తే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్. చిన్న గుంతల మీద లొడలొడమంటే లింక్ రాడ్, బుష్‌లు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే కీచుమని రెండు నిమిషాల్లో ఆగిపోతే బెల్టు. మార్చిన పాత భాగాన్ని చూపించమని అడగడం కూడా మంచి అలవాటు, అరిగిన భాగాన్ని చేతిలో పట్టుకుని చూస్తే తర్వాతిసారి ఆ చప్పుడు ముందే గుర్తుపట్టవచ్చు.

"కారు నుంచి రొద వస్తోంది" అని చెబితే మెకానిక్ బండి మొత్తం వెతకాలి. "60 దాటాక గుయ్యిమని రొద, న్యూట్రల్ చేసినా ఆగదు, రోడ్డు కుడివైపు వంపు తిరిగినప్పుడు పెరుగుతుంది, ఎడమవైపు తిరిగితే తగ్గుతుంది" అని చెబితే వేరు. కుడివైపు తిరిగేటప్పుడు బండి బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అతను నేరుగా జాకీ తీసుకుని ఎడమ వైపుకి వెళ్తాడు, చక్రం పైకి లేపి ఒక చేత్తో తిప్పుతూ రెండో చేయి స్ప్రింగు మీద పెట్టి గరగర తగులుతోందేమో చూస్తాడు.